మలావీ బిడ్డలు – మలేరియా మందులు



మన డయాసిస్ శతవార్షికోత్సవ సంచికకు మిషనరీల వైద్యసేవను గూర్చి ఒక వ్యాసము వ్రాయుమని సంపాదక వర్గమువారు నన్ను కోరారు. ఆస్పత్రుల చరిత్రను, డాక్టరమ్మల త్యాగమును, నర్సుల ట్రైనింగును గూర్చి నాకంటె బాగుగా ఎరిగిన పెద్దలు ఈ సంచికలోనే వ్రాస్తున్నారు. కనుక నేను మరొక దారిన బయలుదేరుతాను. ఆ దారి సమాధుల తోటలో మొదలవుతుంది.

పాత మిషను కాంపౌండులలోని సమాధుల తోటలను మీరు చూచియుంటారు. వాటిలో పెద్ద రాళ్ళ ప్రక్కన మూరెడు పొడవైన చిన్న రాళ్ళు కొన్ని ఉంటాయి. వాటిమీద వయస్సు సంవత్సరములలో ఉండదు, నెలలలో ఉంటుంది. అవి దొరల బిడ్డల సమాధులు. అదే జ్వరముతో అదే వానకాలములో పోయిన మన పల్లె బిడ్డలకు ఆ రాయి కూడ లేదు. ఆ బిడ్డల తల్లుల చేతిలో ఆ రోజున ఏ మందు ఉన్నది? ఆ మందు ఎక్కడనుండి వచ్చింది, ఎందుకు పనిచేసింది, తరువాత ఎందుకు పనిచేయకపోయింది? ఈ ప్రశ్నలు పట్టుకొని చదువుతూ పోగా నేను చేరిన దేశము మనది కాదు, ఆఫ్రికాలోని మలావీ.

మలావీయే ఎందుకు? మన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడినప్పుడు అందులో ఆంగ్లికను సంఘము, ప్రెస్బిటీరియను సంఘము కూడ కలిసినవి. మలావీలో సువార్త నాటినవారును ఆ రెండు సంఘములవారే. బంధుత్వము అక్కడ ఉన్నది. అంతకంటె ముఖ్యమైన సంగతి, పసిబిడ్డల మలేరియాకు ఒక మందు ఎలా చెడిపోయిందో, చెడిన మందు ఎలా తిరిగి వచ్చిందో ఆ చిన్న దేశములో చూచినంత స్పష్టముగా మరెక్కడను చూడలేదు.

డేవిడ్ లివింగ్‌స్టన్ పేరు మన సండేస్కూలు పిల్లలకు కూడ తెలుసు. 1850లో ఆయన భార్యాబిడ్డలతో ఎన్గామి సరస్సుకు వెళ్ళినప్పుడు ఇద్దరు పిల్లలకు జ్వరము వచ్చింది. మరునాటికి పనివారందరును పడకవేశారు. ఆయన వాడిన మాత్రలలో క్వినైన్‌తో పాటు రేవలచిన్ని, జలప, కాలోమెల్ అనే పాదరసపు మందు కలిపేవారు. వాటిలో జ్వరమును నిజముగా పట్టుకొన్నది క్వినైన్ ఒక్కటే. మిగిలినవి విరేచనపు మందులు. కడుపు శుభ్రమైతే జ్వరము పోతుందని ఆ కాలపు నమ్మకము. మన పెద్దలు కొయినా అని పిలిచిన ఆ క్వినైన్ దక్షిణ అమెరికాలోని సింకోనా చెట్టు బెరడునుండి వస్తుంది. 1820లో పెల్లెటియర్, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచివారు దానిని బెరడునుండి విడదీశారు. 1860 తరువాత నీలగిరులలో సింకోనా తోటలు వేశారు. మన దేశములో కొన్నిచోట్ల పోస్టాఫీసులలో కూడ కొయినా పొట్లాలు అమ్మారు.

ఆ మందు ఉండుటకును లేకపోవుటకును ఎంత తేడాయో బిషప్ మెకెంజీ మరణము చెబుతుంది. చార్లెస్ మెకెంజీ 1861 జనవరి 1న కేప్‌టౌనులో మధ్య ఆఫ్రికాకు మొదటి బిషప్‌గా అభిషేకింపబడ్డారు. ఆ సంవత్సరము జూలైలో ఆయనయు లివింగ్‌స్టనును బానిస వ్యాపారుల చేతిలోనుండి 84 మందిని విడిపించారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. వారితో కలిసి మగొమేరో అనే చోట మిషను ప్రారంభమయింది. మరుసటి జనవరిలో బిషప్‌గారు బరప్ అనే యువ గురువును వెంటబెట్టుకొని షీరే నదిమీద దోనెలో బయలుదేరారు. దోనె తలక్రిందులై మందుల పెట్టె నీటిపాలయింది. ఇద్దరికిని జ్వరము తగిలింది. క్వినైన్ లేదు. 1862 జనవరి 31న రువో నది కలిసేచోట ఒక లంకలో బిషప్‌గారు కన్నుమూశారు. చీకటిపడి పుస్తకము కనబడక, బరప్ తనకు జ్ఞాపకమున్నంతవరకు సమాధి క్రమమును చెప్పి ఆయనను పాతిపెట్టారు. మూడు వారములు గడిచేసరికి ఆయనయు అదే జ్వరముతో పోయారు. బిషప్‌గా ఆయన సేవ మొత్తము పదమూడు నెలలు.

తరువాత 1875లో స్కాట్లండువారు సరస్సు తీరమున కేప్ మెక్లియరులో లివింగ్‌స్టోనియా మిషను పెట్టారు. మరుసటి సంవత్సరము బ్లాంటైర్ మిషను వచ్చింది. కేప్ మెక్లియరులో జ్వరమువలన సమాధులు పెరిగిపోగా 1881లో డాక్టరు రాబర్ట్ లాస్ మిషనును ఉత్తరముగా బండావేకు మార్చారు. దోమలను గూర్చి అప్పటికి ఎవరికిని తెలియదు. అది తెలిసినది మన గడ్డమీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచారు.

ఇక్కడ ఒక సంగతి మనము గ్రహించాలి. చరిత్ర పుస్తకములలో మిషనరీల మరణములు కనబడతాయి గాని ఆ దేశపు పెద్దవారు అంతగా చనిపోలేదు. దానికి కారణమున్నది. మలేరియా ఎడతెగక ఉండే ఊరిలో పుట్టిన బిడ్డను మొదటి కొన్ని నెలలు తల్లి రక్తములోని శక్తి కాపాడుతుంది. ఆ తరువాత అయిదేండ్లు వచ్చువరకు బిడ్డ ఒంటరిగా పోరాడాలి. బ్రతికి బయటపడినవారికి కొంత తట్టుకొనే శక్తి వస్తుంది. అంటే ఆ దేశములో ప్రతి పెద్దమనిషి వెనుకను పసితనములో గెలిచిన యుద్ధమొకటి ఉంటుంది. ఓడిపోయినవారిని లెక్కించినవారు లేరు. ఇప్పటికిని అంతే. 2023లో ప్రపంచమంతట సుమారు 5,97,000 మంది మలేరియాతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వారిలో నూటికి 95 మంది ఆఫ్రికావారు. ఆ ఆఫ్రికావారిలో నూటికి 76 మంది అయిదేండ్లలోపు బిడ్డలు.

ఆ బిడ్డలు ఎలా చనిపోతారో వ్రాయుటకు చేయి ఆడదు, అయినను చెప్పాలి. ఫాల్సిపారం అనే జాతి క్రిమి పట్టిన రక్తకణములు మెదడులోని సన్నని రక్తనాళములలో అతుక్కొంటాయి. ఉదయము ఆడుకొన్న బిడ్డ సాయంత్రమునకు మూర్ఛలు వచ్చి స్పృహ తప్పవచ్చును. లేదా కణములు పగిలిపోయి రక్తము నీరైపోతుంది. మాటలు రాని బిడ్డ స్పృహ ఎంత ఉన్నదో ఎలా కొలవాలి? బ్లాంటైరులోని పెద్ద ఆస్పత్రిలో మలేరియా బిడ్డలను చూచిన మాలిన్యూ, టేలర్ అనే వైద్యులు 1989లో దీనికొక కొలత ప్రచురించారు. బిడ్డ ఏడుపును, నొప్పికి చేయి కదల్చుటను, కన్నులు తల్లి ముఖమును వెంబడించుటను చూచి సున్న మొదలు అయిదు వరకు మార్కులు వేస్తారు. దానిని బ్లాంటైర్ కొలత అని లోకమంతట వాడుచున్నారు. స్కాట్లండులో లివింగ్‌స్టన్ పుట్టిన ఊరి పేరే ఆ పట్టణమునకు పెట్టారు. ఆ పేరు ఇప్పుడు బిడ్డల పడకల దగ్గర పలుకబడుతున్నది.

ఇక మందు సంగతికి వస్తాను. 1934లో జర్మనీలో హాన్స్ ఆండర్సాగ్ అనే శాస్త్రజ్ఞుడు క్లోరోక్విన్ తయారుచేశారు. విషము ఎక్కువని తలచి కంపెనీ దానిని ప్రక్కన పెట్టింది. 1942లో జపానువారు జావాలోని సింకోనా తోటలను పట్టుకొనగా లోకమునకు క్వినైన్ కరవైంది. అప్పుడు అమెరికావారు మందులన్నిటిని మరల పరీక్షించి క్లోరోక్విన్ మేలైనదని కనుగొన్నారు. యుద్ధము ముగిసిన తరువాత అది ఆఫ్రికా, ఆసియా ఖండములంతట వ్యాపించింది. చవక. మూడు రోజుల మాత్రలు. పసివానికి కూడ ఇవ్వవచ్చును. ఒక తరమంతా బిడ్డలను ఆ తెల్లని చేదు మాత్ర బ్రతికించింది.

అది పనిచేసే విధము వింటే ఆశ్చర్యము కలుగుతుంది. క్రిమి మన రక్తములోని ఎర్రని పదార్థమును తింటుంది. తినగా మిగిలిన ఇనుముగల ముక్క దానికే విషము. కనుక ఆ విషమును గట్టి పలుకులుగా మార్చి తన కడుపు సంచిలో మూలన పెట్టుకొంటుంది. క్లోరోక్విన్ ఆ సంచిలో దూరి విషమును పలుకు కట్టనీయదు. క్రిమి తన ఎంగిలితో తానే చస్తుంది.

అయితే కోట్లకొలది క్రిములలో ఎక్కడో ఒకటి ఆ సంచి గోడలోని తలుపు కొంచెము మారి పుట్టింది. లోనికి వచ్చిన మందును ఆ తలుపుగుండా బయటికి తోసివేయడము దానికి సాధ్యమయింది. మన ప్రత్తి రైతులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. ఒకే మందు ఏటేట కొట్టగా శనగపచ్చ పురుగు ఎలా మొండికెత్తిందో వారు చేలో చూచారు. చావవలసినవి చచ్చిన తరువాత, చావనివాటికి చేనంతా ఖాళీయే గదా. అదే ఇక్కడను జరిగింది. 1950ల చివర థాయిలాండు–కాంబోడియా సరిహద్దులో ఒకసారి, దక్షిణ అమెరికాలోని కొలంబియాలో వేరుగా ఒకసారి ఈ మొండి క్రిమి తలయెత్తింది. ఆ కాలములో బ్రెజిల్, గయానా, కాంబోడియాలలో వంట ఉప్పులో మలేరియా మందు కలిపి పంచారు. ఉద్దేశము మంచిదే. కాని ఉప్పు ఒకడు ఎక్కువ తింటాడు, ఒకడు తక్కువ తింటాడు. పసిబిడ్డ తినేది చిటికెడు. చంపుటకు చాలనంత మందు, నేర్పుటకు చాలినంత మందు క్రిమికి రోజూ అందింది. ఆ ప్రాంతములలో క్రిమి మొండికెక్కుటకు ఇది తోడ్పడిందని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

మన దేశములో ఆ క్రిమి మొదట 1973లో అస్సాములో కనబడింది. ఆఫ్రికా తూర్పు తీరమున 1978లో దిగింది. అది అక్కడ పుట్టినది కాదు, ఆగ్నేయాసియానుండి వెళ్ళిన సంతతియేనని తరువాత జన్యు పరీక్షలు చెప్పినవి. 1980లు ముగిసేసరికి మలావీలో క్లోరోక్విన్ మింగిన బిడ్డలలో చాలమందికి క్రిమి చావడములేదు.

ఇందులో తల్లులను మోసపుచ్చిన సంగతి ఒకటున్నది. క్లోరోక్విన్‌కు క్రిమిని చంపే గుణముతో పాటు జ్వరమును తగ్గించే గుణము కూడ ఉన్నది. మాత్ర పడగానే ఒళ్ళు చల్లబడుతుంది. తల్లి దేవునికి స్తోత్రము చెప్పి బిడ్డను ఎత్తుకొని ఇంటికి పోతుంది. క్రిమి మాత్రము రక్తములో ఉండనే ఉన్నది. రెండు మూడు వారములకు మరల జ్వరము, మరల అదే మాత్ర. ఈ లోపల బిడ్డ రక్తము కోలుకోదు. జ్వరముకంటె రక్తహీనతయే ఎక్కువ ముంచుతుంది. సెనెగల్ దేశములో కొన్ని గ్రామములలో మొండి క్రిమి వచ్చిన తరువాత మలేరియాతో చనిపోయే పసిబిడ్డల సంఖ్య కనీసము రెండింతలయిందని 1998లో లెక్కలు వెలువడ్డాయి. ఆస్పత్రి ఉన్నది, మందు ఉన్నది, తల్లి నడిచి వచ్చింది. అయినను బిడ్డ దక్కలేదు.

1993లో మలావీ ప్రభుత్వము ఒక సాహసము చేసింది. ఆఫ్రికాలో సహారాకు దక్షిణమున మరే దేశమును చేయకముందే క్లోరోక్విన్‌ను మాని సల్ఫడాక్సిన్–పైరిమెథమిన్ అనే జంట మందుకు మారింది. అది బీదదేశము. విమర్శించినవారు తక్కువ కాలేదు. ఈ రెండవ మందు కూడ కొద్ది సంవత్సరములలో చెడిపోతుంది, అప్పుడు చవకైన మూడవది లేదు, తొందరపడుతున్నారు అన్నారు. మందు మార్చకుండ ఆగితే ఈలోపల పోయే బిడ్డల మాటేమిటని తక్కినవారు అడిగారు. కెన్యా 1998 వరకు, టాంజానియా 2001 వరకు ఆగినవి. నా మట్టుకు నాకు మలావీవారు చేసినదే సరి అనిపిస్తుంది. విమర్శకుల మాట కూడ నిజమే అయింది సుమా. ఆ రెండవ మందు పది పన్నెండేండ్లకే దాదాపు పనికిరాకుండ పోయింది.

అయితే ఎవరును ఎదురుచూడనిది మరొకటి జరిగింది. క్లోరోక్విన్ ఆస్పత్రులనుండియు అంగళ్ళనుండియు నిజముగానే మాయమైన ఆ దేశములో, 1992లో నూటికి 85 క్రిములలో ఉన్న ఆ మారిన తలుపు, 2000 నాటికి నూటికి 13లో మాత్రమే మిగిలింది. మందు లేని చోట ఆ తలుపు క్రిమికి లాభము కాక బరువయింది. ఆరోగ్యముగానున్న పాత క్రిమి దానిని దాటిపోయింది. 2005లో బ్లాంటైరులోని ఎండిరాండే అనే పేదల పేటలో 210 మంది మలేరియా బిడ్డలను చేర్చుకొని కొందరికి పాత క్లోరోక్విన్, కొందరికి జంట మందు ఇచ్చి చూచారు. చివరివరకు లెక్కకు వచ్చినవారిలో క్లోరోక్విన్ తీసికొన్న 80 మందిలో 79 మందికి నయమయింది. జంట మందు తీసికొన్న 87 మందిలో 71 మందికి మందు విఫలమయింది. పన్నెండేండ్ల క్రిందట పనికిరాదని పారవేసిన మాత్ర లేచి కూర్చున్నది!

ఈ పాత క్రిములు ఎక్కడనుండి వచ్చినవి? మారినవి మనస్సు మార్చుకొన్నవి కావు. మందు దెబ్బకు చావక అక్కడక్కడ మిగిలిన పాత సంతతియే మరల విస్తరించిందని జన్యు పరీక్షలలో తేలింది. యెషయా గ్రంథములోని శేషమును గూర్చి నేను ఎన్నో ప్రసంగములు చేశాను గాని, దోమ కడుపులో కూడ ఒక శేషముంటుందని ఎన్నడును తలంచలేదు. దీనిని ప్రసంగములో వాడుకోవచ్చునా కూడదా అని ఇప్పటికిని తేల్చుకోలేదు.

మరి క్లోరోక్విన్‌నే మరల ఇవ్వవచ్చును గదా అంటారా? ఒంటరిగా ఇస్తే అదే కథ మరల మొదలవుతుంది. చుట్టుప్రక్కల దేశములలో మొండి క్రిమి అప్పటికి ఇంకను ఉన్నది. అందుచేత మలావీ 2007లో ఆర్టిమెథర్–లూమెఫాంట్రిన్ అనే కలయిక మందుకు మారింది. ఇందులోని మొదటిది చైనావారి దవనపు జాతి మొక్కలోనుండి వచ్చినది. తు యూయూ అనే శాస్త్రజ్ఞురాలు నాలుగవ శతాబ్దపు వైద్య గ్రంథమొకటి చదివి, వేడి తగలకుండ సారము తీయాలని గ్రహించారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చింది. ఈ మందు క్రిములను వేగముగా చంపుతుంది కాని రక్తములో కొన్ని గంటలే నిలుస్తుంది. కనుక నెమ్మదిగా పనిచేస్తూ రోజుల తరబడి నిలిచే రెండవ మందును జతచేస్తారు. ఒకదానిని తప్పించుకొన్న క్రిమిని మరొకటి పట్టుకొంటుంది. మూడు రోజులలో ఆరు మోతాదులు, పాలతో గాని కొంచెము నూనెగల తిండితో గాని. వట్టి కడుపున రెండవ మందు ఒంటికి సరిగా అంటదు. కక్కివేసే పిల్లలకొరకు నీటిలో కరిగే తియ్యని మాత్రలు 2009లో వచ్చినవి.

మూడవ రోజు అన్నాను గనుక నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. మన్యములోని ఒక పాస్టరేటులో నేను క్రొత్తగా సేవచేస్తున్న దినములవి. మా నాలుగేండ్ల బాబుకు ఫాల్సిపారం అని పరీక్షలో తేలింది. ఆశా కార్యకర్త పసుపు అట్ట తెచ్చి ఇచ్చింది. ఒకటి మొదలు నాలుగేండ్ల బిడ్డలకు పసుపు, అంతకు చిన్నవారికి గులాబి, ఇలా వయస్సునుబట్టి రంగులు. రెండవ రోజుకు జ్వరము దిగింది. బాబు మాత్ర అంటే ఏడుస్తున్నాడు. మూడవ నాటి మాత్ర నేను అలమరలో పెట్టివేశాను. నెల తిరుగకముందే ఒక రాత్రి మా ఉపదేశిగారి భార్య బిడ్డను భుజాన వేసికొని వచ్చింది. "అయ్యగారూ, ఒళ్ళు పెనములా కాలిపోతోందండి" అన్నది. వాన, కరెంటు లేదు, ఆస్పత్రి చాల దూరము. నేను ఆ దాచిన మాత్రను నీటిలో అరగదీసి త్రాగించి, ప్రార్థన చేసి పంపాను. తెల్లవారేసరికి జ్వరము లేదు. నేను చేసిన సహాయమునకు ఆ తల్లి చేతులు జోడించింది. నాలుగవ నాడు బిడ్డకు మూర్ఛ వచ్చింది. మోటారు సైకిలుమీద మధ్యన కూర్చోబెట్టుకొని వాగు దాటించి ఆస్పత్రికి చేర్చాము. డాక్టరుగారు ఏమి మందు ఇచ్చారని అడిగినప్పుడు చెప్పాను. ఆయన నన్ను ఏమియు అనలేదు. వ్రాసికొన్నారు, అంతే. బిడ్డ బ్రతికాడు. ఈనాడు ఆ సంఘములో క్వయరుకు డ్రమ్ము వాయిస్తున్నాడు. ఇద్దరు బిడ్డలలోను నేను ఆ క్రిమికి పాఠము నేర్పబోయానని చాల సంవత్సరముల తరువాత, ఈ మలావీ చరిత్ర చదువుతున్నప్పుడు గాని నాకు బోధపడలేదు.

ఆ పాఠము మరొకచోట క్రిమి నేర్చుకొంటూనే ఉన్నది. 2008లో పశ్చిమ కాంబోడియాలో ఈ దవనపు మందుకు క్రిములు మునుపటివలె వేగముగా చావడము లేదని తెలిసింది. సుమారు ఏబది ఏండ్ల క్రిందట క్లోరోక్విన్ చెడిన చోటు కూడ ఆ సరిహద్దే! 2020లో రువాండానుండి, 2021లో ఉగాండానుండి అటువంటి వార్తయే వచ్చింది. ఈసారి ఆసియానుండి వలస పోయినది కాదు, ఆఫ్రికా గడ్డమీదనే పుట్టినది. ఇప్పటికైతే కలయికలోని రెండవ మందు బరువు మోస్తున్నది. మలావీకి ఉత్తరమున పొరుగుదేశమైన టాంజానియాలో కూడ దానిని కనుగొన్నారు.

మందుకు ప్రక్కన మరొక గోడ కడుతున్నారు. 2019 ఏప్రిల్ 23న లోకములో మొట్టమొదటిగా బిడ్డల మలేరియా టీకా కార్యక్రమము ఆరంభమైన దేశము మలావీయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఆ టీకాను ఆమోదించింది. అది అందరిని కాపాడదు, తీవ్రమైన జబ్బును కొంత తగ్గిస్తుంది. దోమతెర, మందు మానరాదు. ఇక అయిదు కిలోల బరువుకు చేరని చంటిబిడ్డలకని చేసిన కలయిక మందు మాత్ర ఇన్నేండ్లుగా లేదు. పెద్ద బిడ్డల మాత్రలోనే ముక్కచేసి ఇచ్చేవారు. వారికని ప్రత్యేకముగా చేసిన మాత్రకు 2025 జూలైలో స్విట్జర్లండులో అనుమతి లభించింది. తల్లిపాలలోనే కరిగించి పట్టవచ్చును. నెలలలో వయస్సు చెక్కిన ఆ చిన్న రాళ్ళక్రింద నున్నవారికి సరిపోయే కొలత అదియే.